వాద్యకారుల వ్రేళ్లకు వచ్చు వింత వ్యాధి

(సంఘ మందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమును గూర్చి మన సభలలో తఱచుగా ఉపన్యాసములు జరుగుచుండును. రాగలక్షణములను గూర్చియో, వాగ్గేయకారుల చరిత్రములను గూర్చియో పెద్దలు ప్రసంగించుచుందురు. నేడు మేము సంగీతమును పలికించు చేతిని గూర్చి, ఆ చేతికి వచ్చు ఒక వింత వ్యాధిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఈ విషయమును ఈ వేదికపై ఏల ఎత్తుకొంటిమో ముందుగా మనవి చేసికొందుము.

మన కుటుంబములు తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడినవి. బడిలో తెలుగు తగ్గినది; వీధిలో తగ్గినది; కొన్ని ఇండ్లలోను పలుచబడినది. అయినను పాటలో మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. త్యాగరాజస్వామి తిరువయ్యారున నుండి తెలుగుననే కృతులు రచించిరి కదా! మన పిల్లలలో తెలుగు అక్షరములు రానివారు సైతము ఆ కృతులను తెలుగుననే పాడుచున్నారు, వాయించుచున్నారు. కాని మనవంటి చిన్న సమాజములలో వీణ నేర్పువారు ఒకరు, ఫిడేలు నేర్పువారు ఒకరు, మృదంగము నేర్పువారు ఒకరు ఉందురు. ఆ ఒక్కరి చేయి నిలిచిపోయినచో ఆ తరగతియే నిలిచిపోవును. కావున వారి చేతి ఆరోగ్యము వారి ఒక్కరి సొంత విషయము కాదని మా తలంపు.

ఇక వ్యాధి స్వరూపమును వినుడు. ఇరువదియైదు వత్సరములు సాధన చేసిన ఒక వాద్యకారుని ఊహింపుడు. ప్రాయము ముప్పదియైదో, నలువదియో. నొప్పి లేదు, దెబ్బ తగులలేదు. నిద్రనుండి లేపి అడిగినను తడబడక వాయింపగల ద్రుతకాలపు సంగతిలో ఒకనాడు ఒక వ్రేలు వెనుకబడును. అలసట యని సరిపెట్టుకొనును. మఱునాడును అట్లే యగును. కొన్ని వారములకు ఆ వ్రేలు తనంతట తానే అరచేతిలోనికి ముడుచుకొనుటయో, కఱ్ఱవలె బిగిసి నిలిచిపోవుటయో జరుగును. వింత యేమనగా, వాద్యమును ప్రక్కన బెట్టినంతనే ఆ చేయి చక్కగా పనిచేయును. అన్నము కలుపును, చొక్కా గుండీలు పెట్టును, ఉత్తరము వ్రాయును. మరల వాద్యమును ముట్టినంతనే మొరాయించును.

దీనిని నాడీవైద్యులు ఫోకల్ డిస్టోనియా అందురు. డిస్టోనియా యనగా కండరముల బిగువు తప్పుట. ఫోకల్ అనగా శరీరమున ఒక్కచోటికే పరిమితమైనది. పియానో వాయించువారికి కుడిచేతి వ్రేళ్లలోను, ఫిడేలు వాయించువారికి స్వరస్థానములను నొక్కు ఎడమచేతి వ్రేళ్లలోను ఇది ఎక్కువగా కనబడును. ట్రంపెట్టు, హార్ను మొదలగు వాద్యములను ఊదువారికి పెదవులలోను, దవుడలోను వచ్చును. సంగీతమే వృత్తిగా గల పాశ్చాత్య వాద్యకారులలో సుమారు నూటికి ఒకరికి ఈ బాధ కలదని పరిశోధకుల అంచనా. స్త్రీలకంటె పురుషులలో ఎక్కువ.

నూటికి ఒకరే కదా యని తేలికగా తీసికొనరాదు. తక్కిన వ్యాధులలో పదిపనులు చేయు చేతికి ఒక పని తగ్గును. ఇందులో మనిషి ఏ పనికై తన జీవితమును ధారపోసెనో సరిగా ఆ పనియే పోవును.

ప్రపంచ సంగీత చరిత్రమున దీనికి రెండు గొప్ప ఉదాహరణములు కలవు.

మొదటివాడు జర్మనీ దేశీయుడైన రాబర్టు షూమాన్. 1810లో జన్మించెను. న్యాయశాస్త్ర పఠనమును విడిచి, లైప్‌జిగ్ నగరమున ఫ్రీడ్రిక్ వీక్ అను గురువు నొద్ద పియానో విద్వాంసుడు కావలెనని దీక్ష వహించెను. ఇరువది యేండ్లు దాటునప్పటికే అతని కుడిచేతి నడిమివ్రేలు మాట వినుట మానెను. వ్రేలిని లొంగదీయుటకు అతడొక యంత్రమును ఉపయోగించెను. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత వంటి దయ్యెను. 1832 నాటికి ఆ వ్రేలు పూర్తిగా బిగిసిపోయినది. విద్యుత్ చికిత్స, హోమియోపతి మొదలగువాని నెన్నో ప్రయత్నించెను గాని ఫలము లేకపోయినది. అతని వ్యాధి ఇట్టిదే యని నేటి నాడీవైద్యులు పలువురు అభిప్రాయపడుచున్నారు. వేఱు కారణములు చెప్పువారును కలరు. ఏదియైనను, వేదిక నెక్కలేకపోయిన ఆ యువకుడు కలము పట్టి, ఆ శతాబ్దపు మహా సంగీతకర్తలలో ఒకడయ్యెను. అతని రచనలను దేశదేశముల వాయించి వినిపించినది గురుపుత్రికయు, 1840లో అతనికి సహధర్మచారిణి యైనదియు నగు క్లారా.

రెండవవాడు అమెరికా దేశీయుడైన లియాన్ ఫ్లైషర్. 1928లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. 1952లో బ్రస్సెల్సు నగరమున బెల్జియము రాణి ఎలిజబెత్తు పేర జరుగు పోటీలో ప్రథమ బహుమతి పొందెను. ఆ బహుమతి పొందిన తొలి అమెరికనుడు అతడే. 1964లో, ముప్పదియారవ యేట, అతని కుడిచేతి ఉంగరపు వ్రేలును, చిటికెన వ్రేలును అరచేతిలోనికి ముడుచుకొనసాగినవి. పేరుగన్న వైద్యులు చూచిరి. పేరు చెప్పగలిగినవారు లేకపోయిరి. ప్రాణము తీసికొందునా యను నంతటి నిరాశకు లోనయ్యెను. పిమ్మట తేరుకొని శిష్యులకు పాఠము చెప్పెను, వాద్యబృందములకు నాయకత్వము వహించెను, ఎడమచేతితో మాత్రమే వాయింపదగిన రచనలను వాయించెను.

ఎడమచేతి రచనలు ఎట్లు వచ్చినవని మీరడుగవచ్చును. వియన్నా నగరపు పౌల్ విట్‌గెన్‌స్టైన్ అను పియానో విద్వాంసుడు మొదటి ప్రపంచ యుద్ధమున కుడిచేతిని పోగొట్టుకొనెను. అతడు పెద్ద పెద్ద సంగీతకర్తల నడిగి ఒంటిచేతి రచనలు చేయించుకొనెను. ఫ్రాన్సు దేశపు రావెల్ రచన వానిలో ప్రసిద్ధము. ఒకని దుఃఖము నుండి పుట్టిన సంగీతము తరువాతి తరమున మఱియొకనికి ఊతకఱ్ఱ యైనది.

ముప్పది వత్సరములు గడచిన పిమ్మట, 1990 తరువాతి దశాబ్దమున, ఫ్లైషరునకు వ్యాధి నిర్ణయమును, చికిత్సయు లభించినవి. 2004లో రెండు చేతులతో వాయించిన సంగీత సంపుటమును వెలువరించెను. దానికి పెట్టిన పేరే రెండు చేతులు. వ్యాధి సమూలముగా పోలేదనియు, సూదిమందుల సాయముతో దానిని అదుపున నుంచుకొనుచున్నా ననియు అతడు దాచక చెప్పెను. 2020లో తొంబదిరెండవ యేట కీర్తిశేషుడయ్యెను.

ఇక దీనికి కారణమేమి? చేతిలో లోపము లేదు, కండరము చెడలేదు, ఎముక విఱుగలేదు. లోపము మెదడులో నున్నది. ఈ మాట తెలియుటకే వంద యేండ్లు పట్టినది. లండను నగరపు విలియం గోవర్సు 1888లో తన నాడీవ్యాధుల గ్రంథమున లేఖకులకు, పియానో వాయించువారికి చేతులు కొంకర్లు పోవుటను వర్ణించెను. 1911లో జర్మను వైద్యుడు ఓపెన్‌హైమ్ డిస్టోనియా యను పేరును కల్పించెను. అయినను ఇరువదవ శతాబ్దమున చాలకాలము వఱకు వైద్యులు పలువురు దీనిని మనోదౌర్బల్యముగా ఎంచిరి. 1982లో ఇంగ్లండున మార్స్‌డెన్, షీహీ అను వైద్యులు, వ్రాయువారికి వచ్చు ఈ కొంకరు మెదడునకు సంబంధించిన డిస్టోనియాయే గాని మనోవ్యాధి కాదని చూపిరి. వాద్యకారుల వ్యాధియు ఆ జాతిదే.

మెదడులో జరుగునది మనకు తెలిసిన పోలికతో చెప్పుదుము. వరిపొలములో మడికిని మడికిని నడుమ గట్టు ఉండును. ఈ మడిలోని నీరు ఆ మడిలోనికి పోకుండ గట్టు కాచును. మెదడులోను ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క మడి వంటి స్థానము కలదు. ఒక వ్రేలు లేచునప్పుడు ప్రక్క వ్రేలిని కదలనీయక ఆపునది నడుమనున్న గట్టు. వ్రేళ్లను కదల్చుట ఎంత ముఖ్యమో, కదలకూడని వ్రేలిని ఆపుట అంత ముఖ్యము. ఒకే విధమైన కదలికను ఏండ్ల తరబడి, అతివేగముగా, అలసటను లెక్కింపక చేయగా కొందఱిలో ఆ గట్టు కోసుకొనిపోవును. అప్పుడు ఒక వ్రేలికి పంపిన ఆజ్ఞ ప్రక్క వ్రేలికిని ప్రాకును.

ఇది వట్టి ఊహ కాదు. 1995లో జర్మను, అమెరికను శాస్త్రజ్ఞులు తంత్రీవాద్యకారుల మెదడులను పరిశీలించి, ఎడమచేతి వ్రేళ్లకు గల స్థానము ఇతరులలో కంటె వారిలో విశాలముగా నున్నదని కనుగొనిరి. అది సాధన యొక్క ఫలము. 1998లో ఈ వ్యాధి గల వాద్యకారులను పరిశీలింపగా ఆ వ్రేళ్ల స్థానములు ఒకదానికొకటి దగ్గఱగా జరిగినట్లు కనబడినది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రజ్ఞులు కోతులకు ఒకే చేతికదలికను అదేపనిగా చేయుటను నేర్పగా, వాని మెదడులోను చేతికి సంబంధించిన స్థానములు కలగాపులగ మైనవి. విద్వాంసుని తయారుచేయు మెదడు శక్తియే హద్దు దాటినచోట అతనికి వైరి యగుచున్న దన్నమాట. అందఱికిని ఇట్లు కాదు. కొందఱికి పుట్టుకతోనే ఈ వైపునకు మొగ్గు ఉండును. అత్యంత నిర్దోషముగా వాయింపవలెనని మథనపడు స్వభావము గలవారిలోను, ఆందోళన ఎక్కువగా గలవారిలోను ఇది అధికమని పరిశోధకులు చెప్పుచున్నారు.

సభాసదులారా! మేము ముఖ్యముగా చెప్పదలచిన దిక్కడనే యున్నది. మనవారికి సాధనపై అపారమైన గౌరవము. అభ్యాసము కూసువిద్య యని పెద్దలనిరి. వ్రేలు తడబడిన శిష్యునితో గురువు చెప్పు మాట ఒక్కటే: ఇంకను సాధన చేయుము. నూటికి తొంబదితొమ్మిది మందికి ఆ మాట శిరోధార్యము. ఆ మిగిలిన యొక్కనికి మాత్రము అది విషము. గట్టు తెగిన మడికి ఇంకను నీరు పెట్టిన నేమగును? తడబాటు హెచ్చును; హెచ్చినకొలది అతడు గంటలు పెంచును; పెంచినకొలది చెడు కదలికయే మెదడులో పాతుకొనును. పైగా ఇంటివారు సోమరితన మందురు, సభవారు విద్య తగ్గిన దందురు, ఇరుగుపొరుగువారు దిష్టి తగిలిన దందురు. అతడు సిగ్గుపడి దాచును. ఆ దాచిన కాలమే వ్యాధికి ఎరువగును.

మన వాద్యములకు ఇది రాదని భ్రమపడరాదు. బెంగుళూరి నాడీవైద్యులు 2004లో తబలా వాయించువారిలో ఈ వ్యాధిని గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించిరి. 2017లో ఆ నగరముననే ఒక గిటారు వాద్యకారునికి, మెలకువతో నుండగనే, మెదడునకు శస్త్రచికిత్స చేసిరి. శస్త్రచికిత్స బల్లపై నుండియే అతడు గిటారు వాయించుచుండెను. వాయించునప్పుడు మాత్రమే వచ్చు వ్యాధి కావున, వాయించుచున్నప్పుడే వ్రేళ్లు సడలుచున్నవో లేదో వైద్యులు చూడగలిగిరి. జపానులోను ఇట్టి శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. మెదడుపై శస్త్రము ప్రమాదముతో కూడినది గనుక అది అందఱికిని తగిన మార్గము కాదు.

తఱచుగా చేయు చికిత్సలు వేఱు. మొదటిది బొటులినం అను సూదిమందు. పాడైన ఆహారమున పుట్టు ఒక సూక్ష్మజీవి విషమును అత్యల్ప ప్రమాణమున, బిగిసిపోవు కండరములోనికి ఎక్కింతురు. నాడి నుండి కండరమునకు పోవు ఆజ్ఞను అది కొంత అడ్డగించును. దాని ప్రభావము సుమారు మూడు మాసములుండును. పిమ్మట మరల వేయింపవలెను. మోతాదు మించిన వ్రేలు బలహీనపడును కావున అనుభవము గల వైద్యుని చేతనే వేయించుకొనవలెను. రెండవది ట్రైహెక్సిఫెనిడిల్ అను మాత్ర. కొందఱికి మేలు చేయును. నోరు ఎండుట, మఱపు మొదలగు ఇబ్బందులును కలుగవచ్చును. మూడవది పునశ్శిక్షణము. వాద్యమును పట్టు తీరును మార్చి, వేగమును బాగుగా తగ్గించి, తడబాటు రాని మేరకే వాయించుచు, తెగిన గట్టును మెల్లమెల్లగా మరల పోయుట యన్నమాట. దీనికి మాసములు, ఒకప్పుడు సంవత్సరములు పట్టును. జర్మనీ దేశమున హానోవర్ నగరపు వైద్యులు చికిత్స పొందిన 144 మంది వాద్యకారులను విచారించి 2005లో ప్రకటించిన ఫలితములలో నూటికి 54 మంది మెరుగు కనబడిన దనిరి. పూర్తిగా నయమగుట అరుదు. మెరుగు మాత్రము సగము మందికి మించి కలిగినది. లేని ఆశ పెట్టరాదు, ఉన్న ఆశను దాచరాదు.

ఇక ఆచరణకు వత్తము. వాద్యకారులకు మా మొదటి మనవి: తెలిసిన సంగతిలో ఒకే వ్రేలు ఒకే విధముగా కొన్ని వారములపాటు తడబడుచున్నచో గంటలు పెంపకుడు, తగ్గింపుడు. నొప్పియు, తిమ్మిరియు ఉన్నచో అది వేఱొక వ్యాధి కావచ్చును. స్నాయువుల వాపో, మణికట్టు వద్ద నాడి నొక్కుకొనుటయో యైయుండును. దానికి చికిత్స వేఱు. కావున ఏది యేదో వైద్యుడే తేల్చవలెను.

రెండవ మనవి: నాడీవైద్యుని యొద్దకు వెళ్లునపుడు వాద్యమును వెంట తీసికొని పొండు. వట్టి చేయి చూపిన వైద్యునికి లోపము కనబడదు; ఏమియు లేదని పంపివేయును. ఆయన యెదుట వాయించి చూపుడు. ఒక పలుచని చేతితొడుగు తొడిగికొని వాయించిన కొందఱికి తడబాటు తాత్కాలికముగా తగ్గును. అట్లు తగ్గినచో అదియు వైద్యునితో చెప్పదగిన గుఱుతు. బెంగుళూరున నిమ్‌హాన్స్, వెల్లూరున క్రైస్తవ వైద్య కళాశాల, పుదుచ్చేరిలో జిప్మర్, హైదరాబాదున నిమ్స్ సంస్థలలో నాడీవైద్య విభాగములు కలవు. మన కుటుంబములలో చాలవానికి వీనిలో ఒకటైనను ఒక రాత్రి ప్రయాణపు దూరములో నుండును.

మూడవ మనవి గురువులకును, తల్లిదండ్రులకును. పిల్లల వ్రేళ్లు నొచ్చుట సర్వసాధారణము. దానిని చూచి ఈ వ్యాధి యని బెదరవలదు. ఇది తఱచుగా నడివయస్సున వచ్చునది. అయినను సాధనకు నడుమ విశ్రాంతి ఇచ్చుట, ఒకే సంగతిని గంటలకొలది రుద్దింపకుండుట, కచేరికి ముందు వారమున ఒక్కమాఱుగా గంటలు హెచ్చింపకుండుట, కొంత పాఠమును చేయి కదల్పక మనస్సుననే వల్లె వేయించుట చిన్ననాటినుండి అలవాటు చేయింపుడు. వ్రేలు తడబడినదని పదిమందిలో పరిహసింపకుడు.

నాల్గవది మన సంఘమునకు. పాఠము చెప్పువారి చేయి నిలిచినప్పుడు వారిని తరగతినుండి తొలగించుట సుళువైన పని. న్యాయమైన పని కాదు. మన సంప్రదాయమున వీణపాఠమైనను, ఫిడేలుపాఠమైనను నోటితో పాడియే నేర్పుదురు. కంఠమున విద్య యున్నంతవఱకు గురువు గురువే. ఫ్లైషరు ఎన్నో యేండ్లు కుడిచేయి పనిచేయకయే గొప్ప శిష్యులను తయారుచేసెను. చికిత్స జరుగు మాసములలో జీతము నిలుపకుండ, వాయించి చూపు పనిని పెద్ద శిష్యుల కప్పగించి, పాఠమును వారిచేతనే నడిపింపవచ్చును. దీనికి పెద్ద నిధి అక్కఱలేదు. కార్యవర్గమువారు ఒక తీర్మానము చేసిన చాలును. ఆ తీర్మానము ముందే యున్నదని తెలిసినచో, వ్రేలు తడబడిన గురువు తన బ్రతుకుతెరువు పోవునను భయముతో దాచుకొనడు, తొలినాళ్లలోనే చెప్పును. తొలినాళ్లలో చెప్పుటయే చికిత్సలో సగము.

పరాయి ప్రాంతమున మన పాటను నిలిపినది ఇట్టి గురువుల వ్రేళ్లు. వానికి శ్రమ కలిగినప్పుడు నింద వేయక నీడ నిచ్చుట మన విధి. ఈ విషయమును కార్యవర్గమువారు రాబోవు సమావేశమున ఆలోచింపవలెనని కోరుచున్నాము.